హీటరు కొనే ముందు ఒక అగరొత్తి వెలిగించండి

చలి ముదరకముందే, బయట కాస్త గాలి వీస్తున్న రోజు చూసి ఒక పని చేయండి. ఫ్యాన్లన్నీ ఆపేసి, తలుపులూ కిటికీలూ రోజూ రాత్రి వేసుకున్నట్టే వేసేసి, ఒక అగరొత్తి వెలిగించి పట్టుకుని గది గదీ తిరగండి. వీధి తలుపు కింద, కిటికీ రెక్కలు కలిసే చోట, చట్రానికీ గోడకీ మధ్య, ఏసీ పైపు బయటికి పోయే కన్నం దగ్గర, బయటి గోడకున్న స్విచ్ బోర్డు దగ్గర కాసేపు ఆగండి. పొగ దారంలా నిటారుగా లేస్తుంటే అక్కడ దిగులు లేదు. పక్కకి వాలినా, సందులోకి పీల్చుకుపోయినా, చెదిరి చుట్టలు తిరిగినా అక్కడ గాలి ఆడుతోందన్నమాట. (కర్టెన్లకు దూరంగా పట్టుకోండి. చలి నుంచి తప్పించుకోబోయి ఇల్లు అంటించుకోవద్దు.)

ఇంటిని చలికి సిద్ధం చేయడం అనగానే చాలామందికి ముందు తట్టేది హీటరు. నన్నడిగితే అది నాలుగో పని. మొదట గాలి సందులు, తర్వాత గోడలూ గాజులూ పైకప్పూ, ఆ తర్వాత తేమ, అప్పుడు వేడి. ఇదేదో చాదస్తం కాదు. వరుస తప్పితే ఒక చోట చేసిన పని ఇంకోచోట కొత్త తలనొప్పి తెచ్చిపెడుతుంది. నేను తప్పి చూశాను, ఆ కథ కిందికి వస్తుంది.

ఇల్లు పొగగొట్టమైపోతుంది

"చలి లోపలికి రాదు, వేడే బయటికి పోతుంది" అని సైన్సు చదివినవాళ్లు సరిదిద్దుతుంటారు. గోడ విషయంలో ఆ మాట నిజమే. సందుల విషయంలో సగమే నిజం. ఎందుకంటే అక్కడ చల్లటి గాలే నేరుగా లోపలికి వస్తుంది. వేడెక్కిన గాలి తేలికపడి పైకి లేస్తుంది, పైన ఏ కన్నం దొరికితే దాంట్లోంచి బయటపడుతుంది. వెళ్లిపోయిన గాలి స్థానంలో అంతే గాలి కింది సందుల్లోంచి లోపలికి లాక్కోబడుతుంది. లోపలికీ బయటికీ వేడిలో తేడా ఎంత ఎక్కువగా ఉంటే, ఇల్లు ఎంత ఎత్తుగా ఉంటే, ఈ లాగుడు అంత ఎక్కువ. ఎత్తైన భవనాల్లో గడ్డకట్టే చలి రోజున కింది అంతస్తు తలుపు తెరవాలంటే బలం పెట్టాల్సి రావడానికి కారణం కూడా ఇదే.

ఇందులో ఒక చిక్కుంది. కాళ్లకి చలిగాలి తగులుతోందని అందరూ తలుపు కింద గుడ్డ కుక్కుతారు. మంచిదే, కానీ ఆ గాలిని లాగుతున్న కన్నం పైనుంటుంది. అటక మూత చుట్టూ ఉన్న సందు, ఫాల్స్ సీలింగులో లైట్ల కోసం కోసిన రంధ్రాలు, పైకప్పులోకి వెళ్లే వైర్ల దారి, మెట్ల గది తలుపు... వీటిని మూస్తే కింద తగిలే గాలి కూడా దానంతటదే తగ్గుతుంది. అందుకని మూయడం పైనుంచి మొదలుపెట్టాలి.

కదిలే చోటికి ఒక మందు, కదలని చోటికి ఒక మందు. చట్రానికీ గోడకీ మధ్య పగులులాంటి కదలని సందుకి సిలికాన్ గానీ యాక్రిలిక్ గానీ సీలెంట్ పూయాలి. తెరిచి మూసే రెక్కలకి రబ్బరు బీడింగో ఫోమ్ టేపో అంటించాలి. టేపు వేసేముందు ఆ చోటు తుడిచి, పూర్తిగా ఆరనివ్వకపోతే పది రోజుల్లో ఊడి వేలాడుతుంది. మరీ మందంది తెస్తే గడియ పడదు. ఎంత మందం కావాలో తెలియాలంటే రెక్కకీ చట్రానికీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ ఒత్తు చాలడం లేదు, చిరిగేంత గట్టిగా ఉంటే ఆ పక్క వదిలేయొచ్చు. స్లైడింగ్ కిటికీలకి బొచ్చులాంటి పట్టీ ఉంటుంది, అది అరిగిపోతే మార్చుకోవచ్చు. కానీ ఆ పట్టాల అడుగున ఉండే చిన్న చిన్న కన్నాల జోలికి పోవద్దు. అవి వాన నీరు బయటికి పోవడానికి పెట్టినవి. వాటికి సీలెంట్ కొడితే నీళ్లు గదిలోకే వస్తాయి.

మంట మండే చోట ఉన్న వెంటిలేటరునీ, గీజరు పొగ బయటికి పోయే గొట్టాన్నీ ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. దీని గురించి మళ్లీ చెప్తాను.

గది 22 డిగ్రీలున్నా వణుకెందుకు?

సందులన్నీ మూశారు, థర్మామీటరు 22 చూపిస్తోంది, అయినా కిటికీ పక్కన కూర్చుంటే ఒళ్లు జివ్వుమంటుంది. గాలి ఎక్కడినుంచి వస్తోందా అని వెతుకుతారు. చాలాసార్లు గాలేమీ రాదు. మన చర్మం సుమారు 33 డిగ్రీలుంటుంది, ఎదురుగా ఉన్న చల్లటి గాజుకి అది కిరణాల రూపంలో వేడిని పోగొట్టుకుంటూ ఉంటుంది. ఒంటికి తెలిసేది గాలి వేడి ఒక్కటే కాదు, గాలికీ చుట్టూ ఉన్న గోడలకీ ఇంచుమించు సగటు. గాలి 22 ఉండి, గోడలూ గాజూ సగటున 14 ఉంటే, అది 18 డిగ్రీల గదిలాగే అనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చలికాలంలో ఇంట్లో కనీసం ఉండాలని చెప్పింది కూడా 18 డిగ్రీలే. అంటే 22 దాకా ఖర్చుపెట్టి వేడిచేసి, కింది మెట్టు మీదే కూర్చున్నట్టు.

లోపల 20, బయట 0 అనుకోండి. ఒంటి గాజు కిటికీ లోపలి ముఖం 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండు గాజుల మధ్య గాలి పొర ఉన్న కిటికీ అయితే అదే ముఖం 12, 13 దాకా ఉంటుంది. రెండో గాజు చేసిన పని నిజానికి తక్కువ. అసలు పని చేసింది మధ్యలో కదలకుండా నిలిచిన గాలి. అది నిలిచి ఉండాలంటే పొర సన్నగా ఉండాలి. 12 నుంచి 16 మిల్లీమీటర్ల దాకా బాగా పనిచేస్తుంది, అంతకు మించి వెడల్పు పెంచుకుంటూ పోతే లోపలి గాలి తిరగడం మొదలుపెట్టి లాభం ఆగిపోతుంది. కిటికీలు మార్చే స్తోమత లేనివాళ్లు చట్రానికి పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగించుకునేది ఈ కిటుకుతోనే. చూడ్డానికి అందంగా ఉండదు, పని మాత్రం చేస్తుంది. కిటికీ చట్రం అల్యూమినియందైతే గాజు మార్చినా పూర్తి ఫలితం దక్కదు. అల్యూమినియం యూపీవీసీ (కిటికీలకి వాడే గట్టి ప్లాస్టిక్) కంటే దాదాపు వెయ్యి రెట్లు సులువుగా వేడిని మోసుకుపోతుంది.

గోడలకీ పైకప్పుకీ వాడే ఇన్సులేషన్ కూడా ఇంతే. రాక్‌వూల్, గ్లాస్‌వూల్, థర్మోకోల్... పేరేదైనా అవన్నీ గాలిని చిన్న చిన్న అరల్లో బంధించే పద్ధతులు. పది సెంటీమీటర్ల రాక్‌వూల్ ఆపినంత వేడిని ఇటుకతో ఆపాలంటే గోడ దాదాపు రెండు మీటర్ల మందం కట్టాలి. "మాది పాతకాలం మందపు గోడ, చలి రాదు" అనే ధీమా మీద నాకు అందుకే అనుమానం. మందపు గోడ చేసేది వేరే పని: వేడెక్కడానికీ చల్లారడానికీ చాలా టైమ్ తీసుకుంటుంది. రోజంతా ఎండ కాసి రాత్రే చలేసే చోట అది వరమే. వారాల తరబడి ఎండ మొహం చూడని చోట ఆ గోడ ఒకసారి చల్లబడిందంటే ఇక మిమ్మల్నే చల్లబరుస్తూ కూర్చుంటుంది.

దూదిలాంటి ఇన్సులేషన్‌ని ఇరికించి కుక్కితే, అందులోని గాలి పోయి మందం తగ్గేకొద్దీ ఫలితమూ తగ్గుతుంది. తడిస్తే ఇంకా దారుణం, నిలిచిన గాలి కంటే నీరు సుమారు 24 రెట్లు ఎక్కువగా వేడిని మోస్తుంది. కాబట్టి పైకప్పు కారుతుంటే ముందు దాన్ని బాగుచేయించండి. మంచు కురిసే చోట్ల పైకప్పు లోపం బయటినుంచే కనిపెట్టొచ్చు. పక్కింటి కప్పు మీద మంచు అలాగే ఉండి మీ కప్పు మీద మాత్రం కరిగిపోయి, చూరుకి పెద్ద పెద్ద మంచు ఊడలు వేలాడుతున్నాయంటే మీరు డబ్బు పెట్టి పుట్టించిన వేడి ఆకాశానికి పోతోందని అర్థం. కరిగిన నీరు చూరు దగ్గరికి జారి మళ్లీ గడ్డకట్టి ఆనకట్ట కడుతుంది, దాని వెనక చేరిన నీరు కప్పులోకి దిగుతుంది.

బీరువా వెనక బూజు

ఇప్పుడు నా కథ. ఒక చలికాలం పట్టుదలగా ఇంట్లో ప్రతి సందూ మూసేశాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నానికి కూడా అట్ట పెట్టి టేపేశాను. మొదటి వారం నా అంత తెలివైనవాడు లేడనిపించింది. గది వెచ్చగా ఉంది, బయటి రోడ్డు చప్పుడు కూడా తగ్గింది. తర్వాత పొద్దున్నే అద్దాల మీద నీళ్లు కారడం మొదలైంది. ఆరు వారాలకి పడగ్గదిలో ముక్కవాసన. బీరువా జరిపి చూస్తే వెనక గోడ మూల మోకాలి ఎత్తు దాకా నల్లటి చుక్కలు. "గోడకి నిమ్మెక్కింది, బయటినుంచి నీరు దిగుతోంది" అన్నాడు చూడ్డానికి వచ్చిన మేస్త్రీ. బయట వాన చుక్క లేదు. నీరు దిగింది మా లోంచే.

లెక్క చూడండి. 20 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరులో 17 గ్రాముల దాకా నీటి ఆవిరిని పట్టుకోగలదు. 10 డిగ్రీల దగ్గర 9.4 గ్రాములే. సున్నా దగ్గర 4.8. మనిషి ఊరికే కూర్చున్నా శ్వాసలోంచీ చెమటలోంచీ గంటకి 40 గ్రాములకు పైనే ఆవిరి వదులుతాడు. వంట, స్నానం, లోపల ఆరేసిన బట్టలు కలిపితే నలుగురున్న ఇంట్లో రోజుకి లీటర్ల లెక్క. సందులున్నప్పుడు ఆ ఆవిరి బయటికి పోయేది. మూసేశాక పోవడానికి దారి లేక, ఇంట్లో ఎక్కడ అన్నిటికంటే చల్లగా ఉందో అక్కడ నీరైంది. గది 20 డిగ్రీలు, తేమ 60 శాతం (అంటే గాలి పట్టుకోగలిగిన ఆవిరిలో 60 శాతం) ఉంటే 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ముఖం మీదైనా నీటి బిందువులు పడతాయి. బూజుకి బిందువులు కూడా అక్కర్లేదు. గోడ ముఖం దగ్గర తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే చాలు.

బీరువా వెనకే ఎందుకంటే, అది బయటి గోడల మూల. మూల దగ్గర లోపలి వేడి తగిలే చోటు తక్కువ, బయటికి పోయే చోటు ఎక్కువ. దానికితోడు గది వెచ్చదనం అక్కడికి చేరకుండా బీరువా అడ్డు. పైన దూలం, స్తంభం, బాల్కనీ స్లాబు గోడని దాటి బయటికి సాగే చోట్లు కూడా ఇలాగే చల్లగా ఉంటాయి. మందపాటి కర్టెన్ వెనక గాజు కూడా అంతే, కర్టెన్ గదిని వెచ్చగా ఉంచుతూ గాజుని ఇంకా చల్లబరుస్తుంది. పొద్దున్నే కర్టెన్ తీసి గాజు తుడవడం ఒక పనిగా పెట్టుకోవాల్సిందే. బీరువాని గోడకి నాలుగు వేళ్ల దూరం జరపండి, వీలైతే లోపలి గోడ వైపుకి మార్చేయండి.

అసలు మందు మాత్రం కిటికీ తెరవడమే. ఇంత కష్టపడి మూసి మళ్లీ తెరవడమేంటని నవ్వొస్తుంది. కానీ సందులోంచి రాత్రింబవళ్లు కారే గాలికీ, మనం కావాలని ఐదు నిమిషాలు ఆడనిచ్చే గాలికీ చాలా తేడా. 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గదిలో ఉండేది 40 ఘనపు మీటర్ల గాలి. దాన్నంతా మార్చేసి మళ్లీ సున్నా నుంచి 20 డిగ్రీలకి తేవడానికి పట్టేది సుమారు పావు యూనిట్ కరెంటే. వేడిలో పెద్ద వాటా గోడల్లోనూ సామానులోనూ దాగి ఉంటుంది, ఐదు నిమిషాల్లో అవి చల్లారవు. అదే కిటికీని రెండు వేళ్ల సందున రోజంతా వదిలేస్తే గోడలు కూడా చల్లబడిపోతాయి. బార్లా తెరవండి, ఎదురెదురు కిటికీలైతే ఇంకా మంచిది, ఐదు పది నిమిషాల్లో మూసేయండి. బయట ముసురుగా ఉన్నా ఫర్వాలేదు. సున్నా డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి లోపలికొచ్చి 20 డిగ్రీలకి వేడెక్కితే దాని తేమ 21 శాతానికి పడిపోతుంది. చల్లటి గాలి నిజానికి పొడి గాలి.

పూర్తిగా బిగించిన ఇంటికి గాలి మార్పిడి తప్పదన్న సంగతి నిపుణులకి ఎప్పుడో తెలుసు. కెనడాలోని రెజీనాలో 1977లో కట్టిన సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్‌లోనూ, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో జనం కాపురముండడం మొదలుపెట్టిన మొదటి పాసివ్ హౌస్‌లోనూ (హీటరు అవసరం చాలా తక్కువ పడేలా కట్టిన ఇల్లు) గోడల మందంతో పాటు ఒక యంత్రాన్ని కూడా పెట్టారు. బయటికి పోయే పాత గాలి వేడిని లోపలికొచ్చే కొత్త గాలికి అందించడం దాని పని. మనింట్లో ఆ యంత్రం లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యానూ, పొద్దున ఐదు నిమిషాల కిటికీ. నా అట్టముక్క ఆ రోజే పీకేశాను.

ఇక హీటరు

కరెంటు హీటర్ల దగ్గర జరిగినంత మాటల గారడీ ఇంకెక్కడా జరగదు. ఆయిల్ హీటరు పొదుపు, క్వార్ట్జ్ పొదుపు, సెరామిక్ పొదుపు అంటారు. రెండు వేల వాట్ల హీటరు ఏ రకందైనా గంటకి రెండు యూనిట్లు తాగి రెండు యూనిట్ల వేడే ఇస్తుంది. తేడా వేడి అందే తీరులో ఉంది. ఆయిల్‌ది గదిని మెల్లగా వెచ్చబరిచి, ఆపేశాక కూడా కాసేపు ఇస్తుంది. బ్లోయరు గాలిని త్వరగా వేడిచేస్తుంది. ఎర్రగా మండే రాడ్డుది నేరుగా ఒంటిని తాకుతుంది, గది వేడెక్కే దాకా ఆగక్కర్లేదు. ఒక్కరే ఒకచోట కూర్చుని పనిచేసుకునేటట్టయితే ఇదే లాభం. ఉన్న కరెంటుతో నిజంగా ఎక్కువ వేడి ఇచ్చేది హాట్ అండ్ కోల్డ్ ఏసీ ఒక్కటే. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్నదాన్ని తోడి లోపల పోస్తుంది. ఓ మోస్తరు చలిలో ఒక యూనిట్‌కి మూడు యూనిట్ల దాకా వస్తుంది, బయట చలి పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది.

ఏ హీటరైనా పరుపుకీ కర్టెనుకీ మీటరు దూరంలో ఉండాలి, గోడ సాకెట్‌లోకే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు గంటల తరబడి అంత కరెంటు మోయలేక వేడెక్కి కరుగుతాయి.

మంటతో వెచ్చబరుచుకోవడం వేరే కథ. పొగగొట్టం లేని గ్యాస్ హీటరు గదిలోకి వేడితో పాటు నీటిని కూడా వదులుతుంది, కిలో ఎల్పీజీ కాలితే కిలోన్నర పైన నీటి ఆవిరి. కానీ అది చిన్న సమస్య. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే పొద్దున లేవకపోవచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బొగ్గు మంట లేకుండా ఎర్రగా కణకణలాడుతూ "శుభ్రంగా" కాలుతున్నప్పుడు కూడా అది వస్తూనే ఉంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, బయటికి వెళ్తే తగ్గడం, ఒకేసారి ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడం దీని గుర్తులు. అలా అనిపిస్తే కారణం వెతుకుతూ నిలబడకుండా అందర్నీ బయటికి తీసుకుపోయి వైద్య సాయం పిలవండి. గ్యాస్ గీజరు బాత్రూమ్ లోపలుంటే ప్రమాదం ఇదే. సందులు మూసిన ఇంట్లో మంట ఉంటే మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం తప్పనిసరి అంటాను.

నీళ్లు గడ్డకట్టే చోట్ల

ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగని చోట ఉండేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగిలినవాళ్లకి పైపుల టెన్షన్ ఒకటి మిగిలింది.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అందుకే పైపు పగులుతుందని అనుకుంటాం. తరచూ జరిగేది కాస్త వేరు. పైపులో ఒకచోట మంచు బిరడా పడుతుంది, అది పెరిగేకొద్దీ దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. అందువల్ల పైపు మంచు లేని చోట పగలొచ్చు. కుళాయిని సన్నటి ధారగా వదలడం వెనక కారణం ఇదే. నీరు కదులుతుంటే గడ్డకట్టదనే నమ్మకం కంటే, ఒత్తిడికి దారి దొరుకుతుందన్నదే ముఖ్యం. బయటి గోడలోంచీ, అటకలోంచీ పోయే పైపులకి ఫోమ్ తొడుగు వేయాలి. సింకు కింద అల్మరా తలుపులు రాత్రిపూట తెరిచి ఉంచితే గది వెచ్చదనం పైపుని చేరుతుంది. తొడుగు వేడిని పుట్టించదు, పోవడాన్ని ఆలస్యం చేస్తుందంతే. రోజుల తరబడి ఇల్లు తాళం వేసి వెళ్తుంటే మెయిన్ వాల్వ్ కట్టేసి పైపులు ఖాళీ చేయడమే క్షేమం.

చలి అలవాటు లేని చోట ఇది ఎంత దూరం పోగలదో 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో తెలిసింది. 45 లక్షలకు పైగా ఇళ్లకీ సంస్థలకీ కరెంటు పోయింది. వేడి వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇళ్లవి, చాలావాటిలో పైపులు ఇన్సులేషన్ సరిగా లేని అటకల్లోంచీ బయటి గోడల్లోంచీ పోతాయి. అవి పగిలి కప్పుల్లోంచి నీళ్లు ధారగా పడ్డాయి. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు, ఎక్కువమంది చలికే. వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గు కాల్చో, గ్యారేజీలో కారు ఆన్ చేసో, జెనరేటరుని ఇంటికి దగ్గరగా నడిపో మోనాక్సైడ్‌కి బలైనవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు.

గడ్డకట్టిన పైపు దొరికితే ముందు కుళాయి తెరిచి, కుళాయి వైపు నుంచి గడ్డ వైపుకి హెయిర్ డ్రయ్యరుతోనో వేడినీళ్లలో ముంచిన గుడ్డతోనో కరిగించుకుంటూ పోవాలి. మంట చూపించకూడదు. పైపు పగిలిందో లేదో కరిగాకే తెలుస్తుంది, అప్పుడు నీళ్లు చిమ్ముతుంటే పరిగెత్తాల్సింది మెయిన్ వాల్వ్ దగ్గరికి. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ ఈ వారమే చూపించి, ఒకసారి తిప్పి చూడండి. ఏళ్ల తరబడి తిప్పనివి బిగుసుకుపోయి ఉంటాయి.